తనిఖీ తీసేసింది నేనే

తుఫాను హెచ్చరిక ఉన్న రోజున, పట్టపగలు, దివిసీమ మొత్తం మీద టీవీలూ ఇంటర్నెట్టూ గంటన్నరకి పైగా ఆగిపోవడానికి కారణం నేను. లైన్‌మన్ కాదు. ఆ సంగతి ఆ రోజు పదకొండున్నరకే నాకు తెలిసింది. చెప్పలేదు. మర్నాడు రిపోర్టు రాయమంటే రాశాను, అందులోనూ చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే పిరికివాణ్ణి అనుకుని సరిపెట్టుకునేవాణ్ణి. కానీ ఆ రిపోర్టు చదివితే ఎవరికైనా తప్పు ఆయనదే అనిపిస్తుంది. అలా అనిపించేలాగే రాశాను. ఒక్కో మాటా చూసుకుని మరీ రాశాను.

మా వైపు కేబుల్ పనిలో ఉన్నవాళ్ళకి ఈ సంగతి ఇంకోలా తెలుసు. "అవనిగడ్డ వైపు లైన్‌మన్ ఒకడు వైరు తప్పు కలిపాడు, సరిగ్గా తుఫాను రోజునే సీమంతా ఆర్పేశాడు" అని చెప్పుకుంటారు. ఆ కథ పుట్టింది నా నోట్లోంచి. ఆరేళ్ళపాటు అది తిరుగుతుంటే విన్నాను, నవ్వాల్సిన చోట నవ్వాను కూడా. అందుకని అసలు జరిగిందేమిటో ఇక్కడ మొదటినుంచీ రాస్తున్నాను. పని సంగతులు కొన్ని చెప్పక తప్పదు. అవి అర్థం కావనే ధైర్యంతోనే కదా నేను అప్పుడు తప్పించుకున్నది.

బందరులో ఒక కేబుల్ సంస్థలో నెట్‌వర్క్ ఇంజనీరుని నేను. కోనేరు సెంటరుకి దగ్గర్లో బట్టల దుకాణం పైన మా కంట్రోల్ రూము. ఛానెళ్ళన్నీ డిష్షుల మీద అక్కడికి దిగుతాయి, అక్కణ్ణించి ఫైబర్ లైన్లలో ఊళ్ళకి వెళ్తాయి. వెయ్యి ఇళ్ళలో ఒకే ఛానెల్ చూస్తున్నా మేం వెయ్యిసార్లు పంపం. ఒక్కసారే పంపుతాం. దారిలో లైను చీలిన చోటల్లా ఒక పెద్ద రూటర్ ఉంటుంది. ఆ బొమ్మని అడిగినవాళ్ళు ఎటువైపు ఉంటే అటు ఒక నకలు తీసి పంపడం దాని పని. ఇంత చవకగా, ఇంత తెలివిగా పనిచేసే ఏర్పాటు ఇంకోటి లేదు. అయితే దాన్లో ఒక ప్రమాదం ఉంది.

దివిసీమకి మాకు రెండు దారులు. ఒకటి బందరు నుంచి నేరుగా చల్లపల్లి. రెండోది పెడన మీదుగా గుడివాడ వెళ్ళి, పామర్రు దగ్గర దిగి, అదీ చల్లపల్లికే. ఒకటి తెగితే రెండోది ఉంటుందని అలా వేశాం. అంటే లైను గుండ్రంగా ఉంటుంది. గుండ్రంగా ఉన్న దారిలో ప్రతి రూటరూ నకలు తీసి ముందుకి పంపిస్తూ పోతే, బందరులో బయల్దేరిన బొమ్మ చుట్టూ తిరిగి మళ్ళీ బందరుకే వస్తుంది. అక్కడి రూటర్ అది కొత్తదనుకుని మళ్ళీ పంపుతుంది. రూటరుకి బొమ్మ చూసే కళ్ళు లేవు. ఇందాక పంపింది ఇదేనని గుర్తుపట్టలేదు.

అందుకని దానికి ఒక నియమం పెట్టారు. బొమ్మ చిన్న చిన్న ముక్కలుగా వెళ్తుంది, ఒక్కో ముక్కని ప్యాకెట్ అంటాం. అది ఏ వైపు నుంచి వచ్చిందో చూడాలి. అది పుట్టినచోటికి నేనే వెళ్ళాలంటే ఏ దారిన వెళ్తాను? ఆ దారినే వస్తే తీసుకోవాలి. వేరేవైపు నుంచి వస్తే, ఎంత మంచి బొమ్మ అయినా సరే, అక్కడికక్కడే పారెయ్యాలి. అంతే నియమం. పుస్తకాల్లో దాన్ని ఆర్పీఎఫ్ చెక్ అంటారు. రైల్వే పోలీసుల పేరు కూడా అదే కాబట్టి ఆఫీసులో దాని మీద చాలా జోకులుండేవి. ఇక్కడ తనిఖీ అంటే సరిపోతుంది.

ఆ తనిఖీ గురించి నాకంటే చక్కగా చెప్పినవాడు ఆ లైన్‌మనే.

నాగాయలంక దగ్గర సముద్రం వేట మీద బతికే పల్లె ఆయనది. వేట మానేసి కేబుల్ పనిలోకి వచ్చాడు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. ఫైబర్ కలపడం చూస్తే ఆ చేతులకి దణ్ణం పెట్టాలనిపించేది. వెంట్రుకంత గాజు పోగుని మిషన్లో పెట్టి అతికిస్తే, అతుకు ఎక్కడుందో మా మీటరుకి కూడా దొరికేది కాదు. మిగిలిన కేబుల్ని స్తంభం మీద చుట్టగా చుట్టి, వల దారంతో కట్టేవాడు. అందరూ ప్లాస్టిక్ క్లిప్పులు వాడతారు. ఆయన మాత్రం వల అల్లే ముడి వేసి బిగించేవాడు. ఆ ముడి గాలికి జారదు. పులిగడ్డ నుంచి కోడూరు దాకా ఏ స్తంభం చూసినా ఇది ఫలానావాడి కట్టు అని తెలిసిపోయేది.

ఒకసారి చల్లపల్లిలో టీ తాగుతూ ఆయన అడిగాడు.

"సారూ, మంచి బొమ్మొస్తే ఆ రూటర్ ఎందుకండీ పారేస్తది?"

నాకు తోచినట్టు చెప్పాను. ఆయన గ్లాసు ఊదుకుంటూ, "అర్థమైందండీ. మా పల్లెలో చావు కబురంతే" అన్నాడు.

"ఏంటయ్యా అది?"

"చచ్చినోళ్ళింటి వైపు నుంచి ఒస్తేనే కబురండీ. అప్పుడే మేం లేచి ఇంకో ఊరు పంపిత్తాం. సంతలో ఎవడో అన్నాడనుకోండి, ఇని ఊరుకుంటాం. ముందుకి పంపం."

"ఎందుకని?"

"మా మావయ్య మూలంగానండీ." నవ్వు ఆపుకుంటూ చెప్పాడు. "బందరు ఆసుపత్రికెళ్ళాడు, పళ్ళ నొప్పికి. ఎవడో పోయాడన్నాడు. ఆ కబురు కోడూరెళ్ళింది, అవనిగడ్డెళ్ళింది, తిరిగి మా పల్లెకే ఒచ్చింది. మా అత్త మొదట నమ్మలేదండీ. అవనిగడ్డోళ్ళు కూడా అంటున్నారని చెప్పేసరికి ఏడుపు మొదలెట్టింది. పాడె కడుతున్నారు. ఆయన బస్సు దిగొచ్చి, చెంప ఇంత వాచిపోయుంది, 'ఎవర్రా పోయింది?' అని అడిగి తనూ ఓ వెదురుబొంగు పట్టుకున్నాడండీ."

ఆ రోజు అంత నవ్వు నవ్వి, ఆ మాట నేను మా కొత్తవాళ్ళకి పాఠంలో వాడుకున్నాను. నాదే అన్నట్టు వాడుకున్నాను. ఈ మనిషి నుంచి నేను తీసుకున్న మొదటి వస్తువు అది.

తుఫానుకి పది రోజుల ముందు, బందరు చల్లపల్లి రోడ్డు వెడల్పు చేస్తున్న పొక్లెయిన్ మా నేరు లైనుని తెంపేసింది. తవ్విపోసిన మట్టి తీసేదాకా అతుకు వెయ్యడానికి లేదు. ఇంటర్నెట్ ఆగకుండా అదే రోడ్డు మీద ఇంకొకళ్ళ సన్న లైను తాత్కాలికంగా తీసుకున్నాం. దాన్లో టీవీ పట్టదు. టీవీని గుడివాడ చుట్టూ తిప్పాను. బొమ్మ రాలేదు. ఎందుకు రాలేదో అయిదు నిమిషాల్లో తెలిసింది. చల్లపల్లి రూటరుకి తెలిసినంతలో బందరు నేరు రోడ్డు వైపు ఉంది. బొమ్మ వచ్చేది గుడివాడ వైపు నుంచి. తనిఖీ దాన్ని పారేస్తోంది. నియమం ప్రకారం చేస్తోంది, బాగా చేస్తోంది.

దీనికి సరైన మందు ఉంది. టీవీ వరకు మాత్రం బందరు గుడివాడ వైపు ఉందనుకో అని ఒక్కో రూటరులో ఒక్కో మాట రాయాలి. ఏ రూటరుకి ఏ వైపు అన్నది ఆలోచించి, కాగితం మీద గీసుకుని రాయాలి. రెండు గంటల పని. మా యజమాని ఫోన్ చేశాడు. ఆయన బావమరిది గుడివాడలో రొయ్యల మేత దుకాణం తెరుస్తున్నాడు, అది మా లోకల్ ఛానెల్లో లైవు.

"ఏమయ్యా, మేత కొనేవాళ్ళంతా దివిసీమలోనే ఉన్నారు. వాళ్ళకే బొమ్మ రాకపోతే ఈ లైవు ఎవరికి?"

"రెండు గంటలు టైమివ్వండి."

"అరగంటలో రిబ్బను కోస్తారు."

ఆయన తొందరపెట్టాడని చెప్పుకుని చాలాకాలం ఓదార్చుకున్నాను. ఆయనకేం తెలుసు? ఆయన బొమ్మ రావాలన్నాడు. కాపలా తీసెయ్యమనలేదు. తీసింది నేను. తనిఖీ వద్దు, ఎటునుంచి వచ్చినా తీసుకో, అడిగినా అడక్కపోయినా రెండువైపులా పంపెయ్ అని ఒక ముక్క రాసి, ఆలోచించే శ్రమ లేకుండా అదే ముక్కని బందరు, గుడివాడ, పామర్రు, చల్లపల్లి, నాలుగు రూటర్లలోనూ అతికించాను. నేరు లైను తెగి ఉంది కాబట్టి గుండ్రం పూర్తి కాదు, కాబట్టి ఏమీ కాలేదు. బొమ్మ వచ్చింది. రిబ్బను కోశారు. యజమాని మెచ్చుకున్నాడు. రేపు సరిచేద్దాం అనుకున్నాను. మర్నాడు మర్చిపోయాను.

తుఫాను బందరు చుట్టుపక్కల ఎక్కడో తీరం దాటొచ్చని చెప్పారు. సీమలో అందరూ మా లోకల్ ఛానెల్ పెట్టుకుని కూర్చున్నారు. ఏ ఊరివాళ్ళు ఏ బడికి వెళ్ళాలో, ఏ బోట్లు ఇంకా ఒడ్డు చేరలేదో కింద అక్షరాల్లో నడుస్తోంది. ఉప్పెన చూసినవాళ్ళు ఉన్న ఇళ్ళు అవి. గాలి కొంచెం హోరుమంటే చాలు పిల్లల్ని చేత్తో లెక్కపెట్టుకునే ఇళ్ళు.

గాలి పెరిగేలోగా నేరు లైను కలిపెయ్యాలని లైన్‌మన్ తెల్లారేసరికే తెగినచోటికి వెళ్ళాడు. వానజల్లులో గొడుగు కింద మిషన్ పెట్టుకుని కలిపాడు. పదింటికల్లా ఫోన్ చేశాడు.

"కలిపేశానండీ. లైటు చూడండి."

చూశాను. అటు చివరి నుంచి ఫైబర్‌లో వెలుగు నిండుగా వస్తోంది, కొత్త కేబుల్ వేసినట్టుంది లైటు. "బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నాను. అని, నా చేత్తో నేనే ఆ లైను తెరిచాను.

గుండ్రం పూర్తయింది.

బందరులో బయల్దేరిన ప్రతి ప్యాకెట్టూ రెండువైపులా వెళ్ళి, చల్లపల్లి దాటి, చుట్టూ తిరిగి, మళ్ళీ బందరు చేరి, అక్కడా రెండైంది. దీన్నే మేం లూపు అంటాం. ప్రతి ప్యాకెట్టుకీ ఆయుష్షు అంకె ఒకటి ఉంటుంది, రూటరు దాటినప్పుడల్లా ఒకటి తగ్గి సున్నా అయితే చస్తుంది. అవి చచ్చేలోపు కొత్తవి అంతకు ఎన్నోరెట్లు పుట్టాయి. నిమిషంలో బొమ్మలు ముక్కలైపోయి నిలిచిపోయాయి. ఆ రద్దీలో ఇంటర్నెట్టూ పోయింది. బోట్ల వివరాలు నడుస్తున్న అక్షరాలు సగం వాక్యంలో ఆగిపోయాయి.

మా గుడివాడ ఆఫీసు మేనేజరు ఫోన్ చేశాడు. నాకు చుట్టం కాదు, అయినా బావా అని పిలుచుకుంటాం.

"బావా, ఏంటిది? సీమంతా పోయింది!"

"ఇప్పుడే లైను కలిపాడు. అక్కడేదో తేడా చేసుంటాడు" అన్నాను.

ఆ క్షణంలో అది అబద్ధం కాదు. నిజంగా అలాగే అనుకున్నాను. అతుకులో తప్పుంటే లైటు రాదు, అంతే తప్ప బొమ్మలు గుండ్రంగా తిరగవు. ఆ సంగతి తెలిసినవాణ్ణి, ఒక్క అరనిమిషం ఆలోచిస్తే ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదు. ఆలోచించకుండానే ఎవరి పేరు నోటికొచ్చిందో చూడండి. పైన మేమందరం ఏసీ గదిలో, కింద ఒక్కడు వానలో ఉంటే, తప్పు వానలో ఉన్నవాడిది. మా పనిలో ఇది అలవాటు. దానికి ఫీల్డ్ ఫాల్ట్ అని ఒక గౌరవమైన పేరు కూడా పెట్టుకున్నాం.

పదకొండున్నరకి అర్థమైంది. రూటరులో లెక్కలు చూస్తుంటే, బందరు నుంచి బయటికి వెళ్ళిన బొమ్మే బందరులోకి వస్తోంది. తనిఖీ ఏం చేస్తోందని చూశాను. లేదు. ఎవరు తీశారని చూశాను. తేదీ, సమయం, నా లాగిన్. ఎవరికీ చెప్పకుండా నాలుగు రూటర్లలోనూ తనిఖీ తిరిగి పెట్టాను. అయిదు నిమిషాల్లో బొమ్మలు వచ్చాయి. గదిలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను బాగుచేశానట.

తుఫాను చివరికి దక్షిణంగా జరిగి వేరేచోట తీరం దాటింది. మా వైపు ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ గంటన్నరలో పల్లెలో ఏం జరిగిందో తర్వాత విన్నాను. బోటు మీద మనుషులున్న ఇళ్ళవాళ్ళు లైన్‌మన్ ఇంటి మీదకి వెళ్ళారు. ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆయన భార్యని నిలబెట్టి అడిగారు. ఆవిడకేం తెలుసు?

మధ్యాహ్నం మూడింటికి యజమాని నన్ను పిలిచాడు.

"అవనిగడ్డ నుంచే చెప్తున్నారయ్యా, వాడే వైరు తప్పు కలిపాడంట. చల్లపల్లి ఆపరేటరూ అదే అన్నాడు."

నేను పొద్దున్న గుడివాడకి వదిలిన మాట అది. పామర్రు వెళ్ళి, చల్లపల్లి వెళ్ళి, అవనిగడ్డలో తిరిగి, రెండు వైపుల నుంచీ బందరుకి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. అది ఎక్కడ పుట్టిందో భూమి మీద నాకొక్కడికే తెలుసు. వేరే దారిన వచ్చినదాన్ని పారెయ్యాలని జీతం తీసుకుని రూటర్లకి నేర్పేవాణ్ణి నేను. "అవునండీ, అక్కడివాళ్ళే అంటున్నారంటే అంతే అయ్యుంటుంది" అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా లేచి నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తోంది.

మర్నాడు ఆఫీసులో విచారణ. విచారణ అంటే ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఆయన నిలబడి. గుడివాడ మేనేజరు తన ఫోనులో ఒక ఫొటో చూపించాడు. తెగినచోట స్తంభం, దాని మీద కేబుల్ చుట్ట, వల దారం.

"ఈ కట్టు నీదేనా?"

"నాదేనండీ."

"ఇంకెవరి చెయ్యీ పడలేదుగా?"

"లేదండీ, నా ఒక్కడిదే. ఆ ముడి ఇంకెవరికీ రాదు కదండీ."

"ఒప్పుకున్నాడు, ఇంకేంటి" అన్నాడు మేనేజరు యజమాని వైపు తిరిగి.

పని నాదేనని గర్వంగా చెప్పుకుంటే దాన్ని తప్పు ఒప్పుకోవడం కింద రాసుకున్న ఆ బల్ల ఇంకా మా ఆఫీసులో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అప్పుడు మండలేదు. ఆయన ఎవరితోనూ వాదించలేదు, నా వైపు తిరిగాడు.

"సారూ, మీరు చూశారుగా. లైటు బ్రహ్మాండంగా ఉందన్నారుగా. తప్పు కలిపితే లైటొస్తుందా అండీ?"

గదిలో అందరూ నన్ను చూశారు. ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాణ్ణి ఆ గదిలో నేనొక్కణ్ణే.

"లైటు వేరు, లూపు వేరు" అన్నాను.

ఆ మాటకి అర్థం లేదు. ఏమీ చెప్పకుండా అన్నీ తెలిసినట్టు వినపడే మాట. అందరూ తలూపారు. ఆయన నన్ను ఇంకొంచెంసేపు చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. రిపోర్టులో "నేరు లైను జాయింటు పూర్తయిన వెంటనే లూపు ఏర్పడినది" అని రాశాను. ప్రతి అక్షరం నిజం. ఇంత పాపపు వాక్యం నేను ఇంకోటి రాయలేదు.

ఆయనకి మా పని పోయింది. మిగతా ఆపరేటర్లూ పిలవలేదు. రొయ్యల చెరువుల మీద మోటార్లు చూసే పనికి వెళ్ళాడని విన్నాను. పల్లెలో ఆయనకి టీవీ ఆర్పినోడు అని పేరు పడింది. మా ఆఫీసులో ఎవరైనా వైరు తప్పు పెడితే "ఏంట్రా, దివిసీమ చేశావా" అనడం వాడుకైంది. నాకు ప్రమోషన్ వచ్చింది.

పోయిన ఏడాది ఉయ్యూరులో కేబుల్ ఇంజనీర్లకి ఒక రోజు క్లాసు పెట్టారు. లూపులు రాకుండా చూసుకోవడం మీద నన్ను మాట్లాడమన్నారు. చావు కబురు కథ చెప్పాను, నవ్వారు. తర్వాత ఎప్పట్లాగే దివిసీమ కథ చెప్పాను, దానికీ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి, ఇంకో సంస్థలో ఇంజనీరు, నవ్వకుండా చెయ్యెత్తింది.

"అతుకు తప్పయితే లైను రాదు కదండీ. లూపెలా వచ్చింది?"

"గుండ్రం పూర్తయింది కదమ్మా."

"పూర్తయితే మాత్రం? తనిఖీ ఉంటే తిరగదని ఇప్పుడే చెప్పారు."

"ఉంటే తిరగదు."

"అంటే లేదన్నమాట. ఎవరు తీశారండీ?"

"తెలీదమ్మా, పాత సంగతి" అన్నాను. ఆ అమ్మాయి పుస్తకంలో ఏదో రాసుకుంది. ఆరేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడగని ప్రశ్న. మా యజమాని అడగలేదు, మేనేజరు అడగలేదు, నన్ను చూసి చప్పట్లు కొట్టినవాళ్ళు అడగలేదు. అడగాల్సింది ఎంత చిన్న ప్రశ్నో! భోజనానికి ఆగకుండా బండి తీసి నాగాయలంక వెళ్ళాను.

ఆయన ఇంటి ముందు నీడలో ఒక మోటారు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. భార్య గుమ్మంలో నిలబడింది. నేను కూర్చోకుండా చెప్పేశాను. తనిఖీ తీసింది నేను, మీకు ఫోనులో బాగుందని చెప్పి లైను తెరిచింది నేను, రిపోర్టు రాసింది నేను, అన్నీ.

"తెలుసు సారూ" అన్నాడాయన, చేతిలోని నట్టు తుడుస్తూ.

"తెలుసా?"

"నా పనిలో తప్పు లేదని నాకు తెలుసు. మీకూ తెలుసని ఆ రోజు మీ మొహం చూస్తే తెలిసింది."

"మరి అప్పుడే నన్ను నిలదియ్యలేదేం?"

ఆయన తలెత్తాడు. "నిలదీశాగా. అందరి ముందూ అడిగాను. ఇంకెలా నిలదీత్తారు?"

గుమ్మంలోంచి ఆవిడ అంది.

"బాబూ, ఇది మాకు చెప్తావేంటి? మాకు తెలుసుగా. తెలీనోళ్ళకి చెప్పు."

"చెప్తానమ్మా. గుడివాడలో ఆపరేటర్ల మీటింగు ఉంది, అక్కడ..."

"గుడివాడోళ్ళు నా గుమ్మం ముందుకొచ్చి తిట్టలేదు. ఇక్కడోళ్ళు తిట్టారు. బోటు మునిగితే నీ మొగుడిదే పాపమని నా మొహాన దుమ్మెత్తిపోశారు."

"మీటింగులోనూ చెప్పండి" అన్నాడాయన. "ఇక్కడా చెప్పండి. పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీ దగ్గర అందరూ ఉంటారు. నేను పిలవను. మీరే పిలవండి."

గుడివాడ మీటింగు ముందు మేనేజరు నన్ను పక్కకి లాగాడు. "ఇప్పుడెందుకు బావా? అందరూ మర్చిపోయారు. నీకే పోతుంది పేరు."

"ఆయన మర్చిపోయాడా?"

"ఆయనకి ఏదైనా చూద్దాంలే. టెక్నికల్ లోపం అని ఒక ముక్క చెప్పెయ్, చాలు."

"టెక్నికల్ కాదు. నా లోపం. ఒప్పుకున్నాడు అని నువ్వన్నావు చూడు, అది నీ లోపం."

అరిచానట. నాకు గుర్తులేదు. మీటింగులో నా లాగిన్, తేదీ, సమయం ఉన్న కాగితం చదివి వినిపించాను. ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు తలలు దించుకున్నారు. ఎక్కువమంది గడియారం చూసుకున్నారు. ఒకాయన మాత్రం "ఇన్నేళ్ళూ ఎలా నిద్రపట్టిందండీ మీకు?" అని అడిగాడు. బాగానే పట్టింది. అదే నా కోపం.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే నాగాయలంక ఐసు ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్ళాను. చేపల ట్రేలు దింపుతున్నారు, బేరాలు నడుస్తున్నాయి. ఎవరూ నా మాట వినే తీరికలో లేరు. ఐసు పొడి చేసే మిషన్ని ఆపమని దాని దగ్గర ఉన్నాయన్ని బతిమాలాను. చప్పుడు ఆగేసరికి అందరూ ఇటు తిరిగారు. లైన్‌మన్ ట్రేలకి ఆవలివైపు, భార్య పక్కన, చేతులు కట్టుకుని ఉన్నాడు. మా పని మాటలు ఒక్కటీ వాడకూడదని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను.

"తుఫాను రోజున మీ ఇళ్ళల్లో టీవీలు పోయాయి, గుర్తుందా? ఈయన వల్ల పోయాయని చెప్పారు మీకు. చెప్పింది నేను. ఆ రోజు వానలో కూర్చుని ఈయన లైను సరిగ్గా కలిపారు. పది రోజుల ముందే నేను ఉండాల్సిన కాపలా ఒకటి తీసేసి మర్చిపోయాను. అందువల్ల పోయాయి. నాకు ఆ పొద్దున్నే తెలిసింది."

ఎవరో ఒక ముసలాయన "మరి ఆరేళ్ళూ గడ్డి పీకావా?" అన్నాడు. ఇంకెవరో గట్టిగా తిట్టారు. తిట్టనిచ్చాను. తర్వాత ట్రేల మధ్యలోంచి ఆవలికి నడిచి, వాళ్ళిద్దరి ఎదురుగా నిలబడ్డాను.

"మీరు అందరి ముందూ నన్ను అడిగారు. జవాబు తెలిసీ నేను చెప్పలేదు. మీ పని తీశాను, మీ పేరు తీశాను. అమ్మా, మీ గుమ్మం ముందుకి జనం వచ్చింది నా మూలంగా. తప్పు నాది. నన్ను క్షమించండి."